నిలాండర్ పట్టిన కుందేలు

ఈ మధ్య లైకెన్ల మీద, అంటే బండల మీదా చెట్ల బెరడు మీదా పెరిగే రాతిపువ్వు లాంటివాటి మీద, ఒక పాపులర్ సైన్స్ వ్యాసం చదివాను. అందులో విలియం నిలాండర్‌కి ఒకే ఒక్క పేరా దక్కింది. ఆ పేరాలోనూ ఆయనకి ఎప్పుడూ కట్టే వేషమే కట్టారు. 1869లో సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త, లైకెన్ అంటే ఒక మొక్క కాదని, శిలీంధ్రం (ఫంగస్) ఒకటీ శైవలం (ఆల్గే) ఒకటీ కలిసి ఉన్న జంట అని రాశాడు. అప్పటికి యూరప్‌లో లైకెన్లను నిలాండర్ అంత బాగా గుర్తుపట్టగలవాళ్లు చాలా తక్కువ. ఆ నిలాండర్ ఈ మాట ఒప్పుకోలేదు. 1899లో ప్యారిస్‌లో కన్నుమూసేదాకా ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నాడు. కథ సమాప్తం.

మొండివాడి కథ మనకి భలే రుచిస్తుంది. కథ చివరికొచ్చేసరికి చదివేవాడు ఎప్పుడూ సరైన పక్షానే ఉంటాడు కదా. ఆయన ఒక తప్పుని పట్టుకుని వేలాడాడన్నది నిజమే, దానికి వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది వేరు. ఆ తప్పు ఆయన పనిలో ఎంత మేరకు పాకింది? దేన్ని పాడుచేసింది, దేన్ని ముట్టుకోలేదు? ఈ లెక్క తీస్తే ఆయన మీద ఉన్న పాత నేరం కాస్త తేలికవుతుంది. ఇంతవరకూ ఎవరూ పెద్దగా మోపని ఇంకో నేరం బయటపడుతుంది.

ఆయన జీవితం క్లుప్తంగా. 1822లో ఫిన్లండ్‌లోని ఊలులో పుట్టాడు, అప్పుడది రష్యా సామ్రాజ్యంలో భాగం. హెల్సింకీలో వైద్యం చదివాడు. లైకెన్లకంటే ముందు చీమల మీద పనిచేశాడు. ఉత్తర యూరప్‌లో విరివిగా కనిపించే మిర్మికా రుగినోడిస్ అనే ఎర్ర చీమకి 1846లో పేరు పెట్టింది ఆయనే. 1857లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. 1863లో అది వదులుకుని ప్యారిస్ వెళ్లిపోయాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు. లోకంలోని నలుమూలల నుంచీ ఆయనకి పొట్లాలు వచ్చేవి. విప్పి, చూసి, పేరు పెట్టి, నాలుగు ముక్కలు లాటిన్‌లో రాసి అచ్చుకి పంపేవాడు. కలకత్తా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) పనిచేసిన సుల్పిజ్ కుర్జ్ సేకరించిన బెంగాల్ లైకెన్లు కూడా అలా ఆయన బల్ల మీదికి చేరినవే.

1869లో ఎవరి చేతిలో ఏముంది

ష్వెండెనర్ చెప్పిన తీరు ఒకసారి చూడండి. శిలీంధ్రం యజమాని, ఆకుపచ్చ కణాలు బానిసలు, సాలీడు తన ఎరను చుట్టేసినట్టు శిలీంధ్రం తన పోగులతో వాటిని చుట్టేస్తుంది అన్నాడు. ఇది వర్ణన, రుజువు కాదు. మైక్రోస్కోప్ కింద లైకెన్ కోత పెట్టి చూస్తే పోగులు కనిపిస్తాయి, మధ్యలో ఆకుపచ్చ గోళాలు కనిపిస్తాయి. ఆ గోళాలు బయట బతికే ఫలానా శైవలాల్లాగే ఉన్నాయి అని చూపించాడాయన. పోలికే ఆయన ప్రధాన సాక్ష్యం. పైగా ఆ పోలికలో అతి ముఖ్యమైనది తప్పింది. మామూలు లైకెన్లలో ఎక్కువగా కనిపించే ఆకుపచ్చ కణాన్ని సిస్టోకాకస్ అనే నేల శైవలంగా లెక్కకట్టాడు. అది వేరే ప్రజాతి అని తేలి ట్రెబౌక్సియా అన్న పేరు వచ్చేసరికి 1924 అయింది. ట్రెబౌక్సియా బయట ఒంటరిగా దొరకడం కూడా చాలా అరుదు.

అందుకే అవతలి పక్షం అడిగిన ప్రశ్నలు తెలివితక్కువవి కావు. ఆ గోళాలు బయట నుంచి వచ్చినవైతే బోడి బండ మీద, కొండ కొమ్మున, శైవలం జాడే లేని చోట లైకెన్ ఎలా మొలుస్తోంది? శిలీంధ్రం పరాన్నజీవి అయితే దాని గుప్పిట్లో ఉన్న శైవలం చిక్కిపోవాలి గదా, నిగనిగలాడుతూ ఎందుకు పెరుగుతోంది? గోళాలు లైకెన్ కణజాలంలోంచే పుడతాయని నిలాండర్ నమ్మిక. ఆయన మిత్రుడు, బ్రిటన్‌లో లైకెన్ల నిపుణుడు, మతబోధకుడు జేమ్స్ క్రోంబీ అయితే, బందీ అయిన శైవల కన్యకీ క్రూరుడైన శిలీంధ్ర ప్రభువుకీ పెళ్లి చేస్తున్నారంటూ ఎగతాళి చేశాడు. ఎగతాళి పక్కన పెడితే రెండో ప్రశ్నలో పస ఉంది. బానిస, యజమాని అన్న ష్వెండెనర్ బొమ్మని తర్వాతివాళ్లు కూడా పూర్తిగా మింగలేదు. 1879లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త డి బారీ సహజీవనాన్ని విశాలంగా నిర్వచించాల్సి రావడానికి ఇలాంటి చిక్కులే కారణం.

రుజువులు ఆ తర్వాత ఒక్కటొక్కటిగా వచ్చాయి. 1871లో రీస్, కొల్లెమా అనే లైకెన్ బీజాలను నాస్టాక్ అనే శైవలం మీద చల్లితే పోగులు లోపలికి దూరి లేత లైకెన్ లాంటిది తయారైంది, కానీ బీజాలు పుట్టే ఫలనాంగాలు రాలేదు. 1873లో బోర్నే అనేక ప్రజాతుల్లో పోగు శైవలాన్ని ఎలా పట్టుకుంటుందో విడివిడిగా చూపించాడు. 1877లో స్టాల్ ఎండోకార్పన్ అనే లైకెన్ తీసుకున్నాడు. దాని ఫలనాంగంలోంచి బీజాలతో పాటు శైవల కణాలు కూడా ఎగిరి పడతాయి. రెండింటినీ కలిపి పెంచి ఫలనాంగాలతో సహా పూర్తి లైకెన్ రాబట్టాడు. 1880ల చివరికి బోనియే బయటి సూక్ష్మజీవులు చొరబడకుండా కాపాడిన పాత్రల్లో అదే పని చేశాడు.

కాబట్టి నా లెక్క ఇది: 1869లో నిలాండర్ కాదనడం తప్పు కాదు. 1871లో కూడా కాదు. 1877 తర్వాత కాదనడానికి సాకు లేదు. ఆ తర్వాత ఇంకో 22 ఏళ్లు కాదంటూనే ఉన్నాడు. పాపులర్ వ్యాసాలు ఈ రెండు దశలనీ ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చనిది. మొదటి దశలో ఉన్నది సాక్ష్యం అడిగే శాస్త్రవేత్త, రెండో దశలో ఉన్నది పట్టుదల.

రెండు సీసాలు

ఇప్పుడు ఆయన పనిలో సిద్ధాంతంతో సంబంధం లేని భాగానికి వద్దాం. 1866లో, అంటే ష్వెండెనర్ పుస్తకానికి మూడేళ్ల ముందు, నిలాండర్ రెండు చిన్న వ్యాసాలు అచ్చువేశాడు. లైకెన్ మీద పొటాష్ ద్రావణం ఒక చుక్క, బ్లీచింగ్ పౌడర్ ద్రావణం ఒక చుక్క వేసి రంగు మారుతుందో లేదో చూడమన్నాడు. ఇవాళ కూడా ఏ లైకెన్ గుర్తింపు పుస్తకం తెరిచినా K, C అన్న రెండు అక్షరాలు, పక్కన ప్లస్సో మైనస్సో ఉంటాయి. అవి ఇవే.

రంగు వస్తుందన్న సంగతి ఆయన కనిపెట్టింది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. అద్దకపు లైకెన్లలో రంగు ఎంత ఉందో తేల్చడానికి బ్లీచింగ్ ద్రావణం పనికొస్తుందని రసాయనవేత్త స్టెన్‌హౌస్ 1840లలోనే రాశాడు. దాన్ని జాతులను విడగొట్టే కొలబద్దగా, లైకెన్లన్నిటి మీదా ప్రయోగించడం మాత్రం నిలాండర్‌దే.

చేసే పద్ధతి చూడ్డానికి చిన్నపిల్లల ఆట. చెడగొట్టుకోవడం అంతకంటే తేలిక. K అంటే 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్, 100 మిల్లీలీటర్ల నీళ్లు. బిళ్లలను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, బిళ్లల మీద నీళ్లు పోయకూడదు, కుతకుతలాడి మొహాన చిమ్ముతుంది. పొటాష్ దొరక్కపోతే కాస్టిక్ సోడాతో కూడా పని నడుస్తుంది. ప్లాస్టిక్ సీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచాలి. గాజు బిరడా అయితే పట్టేస్తుంది, మూత వదులైతే గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ద్రావణం చచ్చుబడుతుంది. C కోసం కెమికల్ షాపులో దొరికే సాదా సోడియం హైపోక్లోరైట్ చాలు. సువాసనలు, నురగ కలిపిన బాత్‌రూమ్ రకాలు వద్దు. అదీ దొరక్కపోతే చిటికెడు తాజా బ్లీచింగ్ పౌడర్ కొద్ది నీళ్లలో కలిపి, అడుగున పేరుకోనిచ్చి పైన తేట తీసుకోండి. ఆ తేట ఆ రోజుకే.

మన వేడికి C చాలా త్వరగా నీరుగారిపోతుంది. C మైనస్ అని రాసుకున్న ఫలితాల్లో కొన్నిటి వెనక ఉన్నది చచ్చిన ద్రావణమే. అందుకే మొదట తప్పకుండా ఎర్రబడుతుందని తెలిసిన ముక్క మీద పరీక్షించి, ఎర్రబడితేనే తెలియని ముక్క జోలికి వెళ్లాలి. దీనికి మన దేశంలో దొరికే ఉత్తమ ముక్క పార్మోట్రీమా టింక్టోరమ్. 1872లో ఆ జాతిని అచ్చులో ప్రవేశపెట్టిందీ నిలాండరే. దాన్ని వెతుక్కుంటూ అడవికి వెళ్లక్కర్లేదు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు, అదే దగడ్ ఫూల్ పొట్లం కొంటే అందులో చాలాసార్లు ఉంటుంది. ఆ పొట్లంలో ఒకే జాతి ఉంటుందనుకోకండి. హిమాలయాల నుంచో పశ్చిమ కనుమల నుంచో ఊడ్చి తెచ్చిన కలగూరగంప అది.

పొట్లంలోంచి పెద్ద ముక్క ఒకటి తీయండి. పైన బూడిద రంగు, అంచులు వెడల్పుగా గుండ్రంగా, పైభాగమంతా ఇసుక రాలినట్టు సన్నటి బొడిపెలు, అడుగున మధ్యలో నల్లగా, అంచు దగ్గర గోధుమ రంగులో నున్నగా ఉంటే అది టింక్టోరమ్ కావచ్చు. కొత్త బ్లేడుతో పైపొరని గోకి తీసేయండి, కింద తెల్లటి దూది లాంటి పొర బయటపడుతుంది. టూత్‌పిక్ మొనతో C ఒక్క చుక్క ఆ తెల్లపొర మీద అద్దండి. టింక్టోరమ్ అయితే చటుక్కున నెత్తురు ఎరుపు, కొద్ది క్షణాల్లో వెలిసిపోతుంది. లెన్స్ కోసం జేబు తడుముకుంటూ కూర్చుంటే ఆ రంగు దాటిపోతుంది. కాబట్టి ముందు లెన్స్ కంటికి పెట్టుకుని తర్వాత చుక్క వేయాలి. అదే పొట్లంలో పైపొర మీద వలలా తెల్లటి పగుళ్లున్న ముక్క దొరికితే అది పార్మోట్రీమా రెటిక్యులేటమ్ అయి ఉండొచ్చు. దాని తెల్లపొర C కి ఉలకదు. K వేస్తే మొదట పసుపు, నిదానంగా ఇటుక ఎరుపు. అంచుల్లో పిండి రాలుతూ, K కి పసుపు నుంచి నారింజ దగ్గర ఆగిపోతే పార్మోట్రీమా పెర్లాటమ్ వైపు చూడాలి.

ఇందులో దొర్లే తప్పులన్నిటికీ ఒకటే మూలం. చుక్క ఎక్కడ పడిందో, ఎప్పుడు చూశామో రాసుకోకపోవడం. పైపొరా తెల్లపొరా వేరువేరు రసాయనాలు. టింక్టోరమ్ పైపొర మీద K వేస్తే అట్రనోరిన్ అనే పదార్థం వల్ల పసుపు వస్తుంది, తెల్లపొర మీద వేస్తే ఏమీ రాదు. గోకకుండా చుక్క వేసి K ప్లస్ అని రాసేసేవాళ్లు బోలెడు. ఎండిన లైకెన్ మీద ఏ తడి పడినా పైపొర పారదర్శకమై కింద శైవలం పచ్చగా కనిపిస్తుంది, దాన్ని పసుపు అనుకుంటారు. అందుకే ముందు వట్టి నీటిచుక్క వేసి చూసుకోవాలి. లేదా చిన్న తునకని ఫిల్టర్ పేపర్ మీద పెట్టి అక్కడే K వేసి, కాగితంలోకి ఊరిన రంగుని చూడాలి. K సీసా డ్రాపర్ C సీసాలో ముంచితే రెండూ పోయినట్టే. K వేసి అద్ది అదే చోట C వేసే KC పరీక్షలో ఈ పొరపాటు ఎక్కువ.

చుక్క ఎంత చెబుతుంది

ఇక్కడే నిలాండర్ మీద నా అసలు ఫిర్యాదు. రంగు మారితే వేరే జాతి, మారకపోతే వేరే జాతి అన్నంత దూరం వెళ్లాడాయన. పార్మీలియా ఒలివెటోరమ్ అని 1866లో ఆయన వేరుచేసిన లైకెన్, చూపుకి పక్కవాటిలాగే ఉంటుంది, C కి ఎర్రబడుతుంది. ఇప్పుడది సెట్రీలియా ప్రజాతిలో ఉంది. 1968లో ఆ ప్రజాతిని ఏర్పాటు చేసిన కల్బర్సన్ దంపతులు అందులోని జాతులను విడదీయడానికి ప్రధానంగా నమ్ముకున్నది రసాయనాలనే. అక్కడ నిలాండర్ కన్ను సరిగ్గానే పడింది. కానీ ప్రతిచోటా అలా కుదరదు. ఒకే జాతిలో రెండు మూడు రసాయన రకాలుండటం లైకెన్లలో మామూలే. ప్రతి రకానికీ పేరు పెడితే పేర్ల గుట్ట మిగులుతుంది.

పైగా ప్లస్ గుర్తు ఒక పదార్థం పేరు కాదు. లెకనోరిక్ ఆమ్లం C కి ఎర్రబడుతుంది, జైరోఫోరిక్ ఆమ్లం కూడా గులాబీ ఎరుపు అవుతుంది, ఒలివెటోరిక్ ఆమ్లమూ అంతే. K కి పసుపు నుంచి ఎరుపుకి మారేది సలజినిక్ ఆమ్లమా, నార్‌స్టిక్టిక్ ఆమ్లమా చుక్క చెప్పదు. సన్నటి కోత స్లైడు మీద పెట్టి పక్క నుంచి K ఊరనిస్తే, నార్‌స్టిక్టిక్ అయితే ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టుకొస్తాయి. అసలు ఏ పదార్థమో తేలాలంటే, కలిసి ఉన్న పదార్థాలను విడదీసి చూపే పలుచటి పొర క్రొమటోగ్రఫీ చేయాల్సిందే. చిన్న తునకని అసిటోన్‌లో నానబెట్టి, ఆ సారాన్ని సిలికా పలక మీద చుక్కలుగా పెట్టి, పక్కన అట్రనోరిన్, నార్‌స్టిక్టిక్ ఆమ్లం కొలతకోసం పెట్టి, టాలుయిన్ 180, డయాక్సేన్ 45, ఎసిటిక్ ఆమ్లం 5 పాళ్లలో ఒకసారి, టాలుయిన్ 170, ఎసిటిక్ ఆమ్లం 30 పాళ్లలో ఇంకోసారి పరిగెత్తించాలి. 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి 110 డిగ్రీల దగ్గర కాస్తే చుక్కలు రంగులెక్కుతాయి. కాల్చేముందు పలక తడిగా ఉన్నప్పుడే ఒకసారి ఏటవాలుగా పట్టుకుని చూడాలి. కొవ్వు ఆమ్లాలు అప్పుడే నీళ్లంటని మచ్చల్లా కనిపిస్తాయి, వేడి చేశాక దొరకవు. చిసిటా కల్బర్సన్ ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చింది 1970 ప్రాంతంలో. అంటే నిలాండర్ చుక్క తర్వాత దాదాపు వందేళ్లకి.

ఆ మధ్యకాలమంతా జనం చుక్కతోనే గడిపారు. దాన్ని తిట్టినవాళ్లున్నారు, రంగులతో జాతులు చేయడమేమిటన్నవాళ్లున్నారు. నా పక్షం కొంచెం ఇటూ కొంచెం అటూ. వేల్స్ తీరపు కొండచరియల మీద రమాలినా సిలిక్వోసా గుంపుని కల్బర్సన్లు 1967లో పరిశీలిస్తే, చూపుకి తేడా తెలియని రసాయన రకాలు అలల నుంచి పైకి పట్టీలు పట్టీలుగా, ఎవరి తావు వారిదన్నట్టు కనిపించాయి. రసాయనం వట్టి అలంకారం అనుకునేవాళ్లకి అది గట్టి జవాబే. అయినా అవి జాతులా, రకాలా అన్న తగువు దానితో తీరలేదు. ఇప్పుడు డీఎన్‌ఏ వచ్చాక కొన్ని ప్రజాతుల్లో రసాయనపు గీతా జన్యువుల గీతా ఒకటవుతున్నాయి, కొన్నిట్లో కావడం లేదు. నిలాండర్ నేరం రసాయనాన్ని నమ్మడం కాదు, అన్ని చోట్లా ఒకే బరువుతో నమ్మడం. ష్వెండెనర్‌తో తగవు కంటే ఆ గుడ్డి నమ్మకం వల్ల తర్వాతివాళ్లకి పడ్డ చాకిరీ ఎక్కువ.

లక్సెంబర్గ్ తోట

అదే 1866లో ఇంకో వ్యాసం రాశాడాయన, ప్యారిస్ నడిబొడ్డున ఉన్న లక్సెంబర్గ్ తోటలోని లైకెన్ల మీద. నగరంలో ఇంకెక్కడా సరిగ్గా బతకని లైకెన్లు ఈ తోటలో చెట్ల మీద ఉన్నాయని, అవి గాలి ఆరోగ్యానికి ఒక కొలమానం అని చెప్పాడు. 1896లో ప్యారిస్ పరిసరాల లైకెన్ల మీద పుస్తకం వేసేసరికి ఆ తోటలోవి మాయమైపోయాయి. గాలి కాలుష్యాన్ని జీవులతో కొలవడం అనే శాస్త్రానికి ఇదే పునాది అని అందరూ రాస్తారు.

ఇక్కడ ఆయన గొప్పని కాస్త తగ్గించాలి. మాంచెస్టర్ దగ్గర లైకెన్లు తగ్గిపోతున్నాయని, కారణం పొగ అని గ్రిండన్ 1859లోనే రాశాడు. నిలాండర్ గాలిలో ఏదీ కొలవలేదు, ఆయన దగ్గర ఉన్నది జాబితా మాత్రమే. నగరాల్లో లైకెన్లు చచ్చేది పొగ వల్ల కాదు, పొడి వేడి వల్ల అని 1950లలో కూడా పోలండ్‌లో రిజాక్ లాంటివాళ్లు గట్టిగా వాదించారు. దానికి జవాబు చెప్పడానికి జాబితా ఒక్కటే సరిపోదు.

అయినా ఆ జాబితా లేకపోతే 1896లో పోయింది ఏమిటో తెలిసేది కాదు. 1991లో సీవర్డ్, లెత్రూయి-గలినూ అదే తోటకి వెళ్లి లైకెన్లు తిరిగి వస్తున్నాయని రాసినప్పుడు పోల్చుకోవడానికీ ఏమీ ఉండేది కాదు. సల్ఫర్ డయాక్సైడ్‌కి లైకెన్ జాబితాని జతచేసి 1970లో హాక్స్‌వర్త్, రోజ్ ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం 0 నుంచి 10 దాకా మెట్లు కట్టారు. చలికాలంలో సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకి 170 మైక్రోగ్రాములు దాటిన చోట చెట్టు మొదట్లో ఆకుపచ్చ పొడి తప్ప ఏమీ లేదు. అక్కడి నుంచి ఒక మెట్టు పైకొస్తే లెకనోరా కొనిజియాయిడెస్ మొదలవుతుంది. ఆ పేరు కూడా నిలాండర్ పెట్టినదే, అచ్చులో వేసింది క్రోంబీ.

ఈ కొలబద్దని పట్టుకొచ్చి హైదరాబాద్ రోడ్ల మీద చెట్లకి ఆనిస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఆ మెట్లలోని జాతులు ఇక్కడ లేవు. దక్కన్ పీఠభూమిలో ఏడాదిలో ఎక్కువ నెలలు బెరడు ఎండి ఉంటుంది, లైకెన్ లేకపోవడానికి ఆ పొడితనమే చాలు. ఇక్కడ రిజాక్ వాదన కొట్టిపారేయలేం. పట్నాల్లో మామిడి చెట్ల మీద తట్టుకుని బతికే పిక్సిన్ కోకోస్‌ని మన దేశంలో కాలుష్య పరిశీలనకి వాడుతున్నారు. ఇప్పుడున్న రూపంలో ఆ పేరు కూర్చిందీ నిలాండరే, 1857లో. అతినీలలోహిత దీపం కింద అది లిక్‌శాంథోన్ అనే పదార్థం వల్ల పసుపుగా మెరుస్తుంది కాబట్టి గుర్తుపట్టడం సులువు. పని ఒళ్లు దాచుకోకుండా చేయాలంటే ఒకే జాతి చెట్లు, ఇంచుమించు ఒకే చుట్టుకొలత, నేల నుంచి 1 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో నాలుగు దిక్కులా చూసి, ఏది ఎంత మేర ఉందో రాసి, ప్రతి జాతికీ ఒక నమూనా హెర్బేరియంలో పెట్టి, అదే చెట్లకి కొన్నేళ్ల తర్వాత తిరిగి వెళ్లాలి. సున్నం కొట్టిన మొదళ్లను, మధ్యలో కొట్టేసిన చెట్లను లెక్కలోంచి తీసేయాలి. ఒక్కసారి చూసి గాలి మంచిదో చెడ్డదో తేల్చేసే నివేదికలు నేను నమ్మను.

ఏది పోయింది

నిలాండర్ కట్టిన వర్గీకరణ ఒకటుంది. లైకెన్లను ఒక ప్రత్యేక తరగతిగా తీసుకుని, ఒక చివర శైవలాలకి దగ్గరగా కొల్లెమాల కుటుంబం, ఇంకో వైపు శిలీంధ్రాలకి దగ్గరగా ఉన్నవి, ఇలా మెట్లుగా అమర్చాడు. ఇది నిలబడాలంటే లైకెన్ ఒకే జీవి కావాలి. కాదని తేలాక ఆ మెట్లు మొత్తం కూలాయి, ఇప్పుడు చరిత్రకారులు తప్ప ఎవరూ తీసి చూడరు. ఆయన తప్పు ఎంత మేర పాకిందో చూడాలంటే ఇక్కడ చూడాలి. చుక్క, జాబితా, నమూనా మాత్రం ఆ సిద్ధాంతం మీద నిలబడినవి కావు. ఇవి మిగిలాయి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, నాకు పూర్తిగా జవాబు లేనిది. ఆయన తప్పు కాగితానికే పరిమితం కాలేదు. సాటివాళ్లతో జగడాలు పెట్టుకుని, ఒంటరిగా మిగిలిపోయి, తన తర్వాత ఒక శిష్యబృందాన్ని నిలబెట్టుకోలేదు. అదే మనిషి నలుగురితో సఖ్యంగా ఉండి ఉంటే ఆయన చూపు ఇంకో తరానికి అంది ఉండేది. ఆ నష్టం ఎంతో లెక్కగట్టలేం. సిద్ధాంతాన్నీ పనినీ అంత తేలిగ్గా విడగొట్టగలం అన్న నా మాట ఇక్కడ కొంచెం బలహీనపడుతుంది.

ఇంకో సంగతి చెబితే ఆయనకి కోపమొచ్చేది. నామకరణ నియమావళి ప్రకారం లైకెన్‌కి పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది, శైవలానికి దాని పేరు దానికి విడిగా ఉంటుంది. కాబట్టి నిలాండర్ ఒక్క జీవి అనుకుని పెట్టిన పేర్లన్నీ ఇవాళ చట్టప్రకారం, ఆయన ఒప్పుకోని ఆ శిలీంధ్రాలవి. K, C చుక్కలకి రంగు మారే పదార్థాలను తయారుచేసేదీ శిలీంధ్రమే. 1866 నుంచీ ఆయన పరీక్షిస్తున్నది జంటలో ఒక్కరినే, అదీ తాను లేదన్నవాడిని.

ఆయన హెర్బేరియం ఇప్పుడు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విడిగా ఉంది, దాదాపు 50 వేల నమూనాలు. బెంగాల్ లైకెన్ ఒకటి కొత్తదా, కుర్జ్ పంపగా నిలాండర్ పేరు పెట్టేసినదా అని తేల్చుకోవాల్సిన మన దేశపు విద్యార్థికి ఆయన లాటిన్ వర్ణనతో చాలాసార్లు పని జరగదు. అవి రెండు మూడు పంక్తులు, పక్క జాతికి కూడా సరిపోయేంత పొడిపొడిగా ఉంటాయి. బీజాల కొలతలూ, చివర పెట్టిన చుక్క ఫలితమూ ఉంటే వాటితో చాలావాటిని తోసిపుచ్చవచ్చు. అదీ లేకపోతే హెల్సింకీకి రాసి, మూల నమూనా నుంచి ఆవగింజంత తునక తీయడానికి క్యూరేటర్ అనుమతి అడిగి, ఆ తునకని క్రొమటోగ్రఫీ పలక ఎక్కించాలి.